సామానుతో సహా

నూట పన్నెండు పేజీలు.
ఏ పేజీకీ నీచు వాసన లేదు.
బోటు ఉంది, కాని అది
"షెడ్యూలు ఏ, ఐటెం ఒకటి."
దాని పేరు ఎవరూ రాయలేదు.

అప్పీళ్ళు నా పని.
నేను వచ్చేసరికి అరుపులు ఆరిపోయి ఉంటాయి,
సాక్షులు ఇళ్ళకు పోయి ఉంటారు.
ఎవరో తాగి పెట్టిన టీ గ్లాసు మరక
జిరాక్సులోనూ పడి, తొంభయ్యో పేజీలో
సంతకాల పక్కన
ఇంకో ముద్రలా కనబడుతుంది.

మధ్యవర్తి బల్లకు అటొకడు, ఇటొకడు.
పదహారేళ్ళ పొత్తు
భోజనాల వేళకి ముందే తెగింది.
"బోటు, సామానుతో సహా, రెండో పక్షానికి.
పదకొండు లక్షలు మొదటి పక్షానికి."
ఆర్బిట్రేటరు దాన్నే అవార్డు చేశారు.
మర్నాడు ఫిషింగ్ హార్బర్‌లో, జెట్టీ మీద,
వలలెవరివని అడిగాడు ఒకడు.

అంతే.
ఏడాదిన్నరగా ఆ ఒక్క మాట: సామాను.
కింది కోర్టు నిఘంటువు తెరిచింది.
అవతలి వకీలు నౌకా చట్టం తెరిచాడు.
నా క్లయింటు మైలపిల్లి పోలిరాజు మాత్రం
మహారాణిపేటలో, నా గదిలో, ఫ్యాను కింద
అరచేతులు తెరిచాడు.
"బోటంటే బోటు. ఇంజినంటే ఇంజిను.
వలేటమ్మా, నానూ మాయావిడా అల్లుకున్నది.
సేతిని సామానంటారేటి?"

నేను రాసుకున్నాను. గ్రౌండు నాలుగు:
కింది కోర్టు సదరు పదాన్ని
పక్షాల ఉద్దేశానికి మించి విస్తరించి పొరబడినది.
చెయ్యి అనే మాట అందులో ఇమడలేదు.
మూడుసార్లు చూశాను.

గెలవడం కష్టమని చెప్పాను.
కుదిరిన రాజీని పై కోర్టు కదపదు,
ఒప్పుకున్నాక ఒప్పుకున్నట్టే.
తల ఊపాడు,
వాతావరణ హెచ్చరిక విని కూడా
తాడు విప్పేవాడిలా.

ఇక ఆలస్యం.
గడువు అరవై రోజులు.
అతను నా మెట్లెక్కింది డెబ్బై ఒకటో రోజు.
ఆ పదకొండు రోజులకీ లెక్క చెప్పాలి, ప్రమాణం చేసి.
"తుపానని రాసెయ్యండమ్మా."
తుపాను నాలుగు రోజులే. మిగతా ఏడూ?

కిటికీలోంచి, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య,
గుడ్డముక్కంత సముద్రం.
దానివైపు చూస్తూ చెప్పాడు.

"రెండో రేతిరి గాలి మారిపోనాది.
ఆ బోటు తాడు తెంపుకుంటాదని నాకు తెలుసు,
దాని యవ్వారం నాకే తెలుసు.
ఎల్నాను.
సత్తెయ్య అప్పుటికే ఉన్నాడక్కడ.
మాటల్లేవమ్మా. ఆడొక కొస, నానొక కొస.
తెల్లారిందాకా.
మరి వారం దాకా ఏళ్ళు ముడవలేదు.
సంతకం దేంతో ఎట్టీది?"

ఇప్పుడు చూశాను ఆ అరచేతుల్ని.
తాడు పోయిన దారి
ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

ఆ రాత్రి సంగతి రికార్డులో లేదు.
రికార్డులో లేనిది అప్పీలులో లేదు.
పైగా, బోటు నీది కాదన్నాక
దాని తాడు నువ్వెందుకు పట్టుకున్నావని
మొదటి ప్రశ్నే అడుగుతారు.
నా దగ్గర జవాబుంది,
ఏ సెక్షను కిందా దాఖలు చేయలేను.

బంగారయ్యకి చెప్పి టైపు చేయిస్తున్నాను:
తుపాను వేళ అప్పీలుదారు చేతికి గాయమైనందున…
గ్రౌండుల్లో చోటు దొరకని మాట
ఆలస్యం పిటిషన్లో, మూడో పేరాలో, కూర్చుంది.
"ఏ చెయ్యి మేడం? కుడా, ఎడమా?"
రెండూ.

అమరావతి వెళ్ళాలి, రాత్రి రైలుకి ఇంకా గంటన్నర ఉంది.
కట్టకి దారం బిగిస్తూ అనుకున్నాను,
వాసుపల్లి సత్తెయ్య తరఫున
కౌంటరుకి ఓ వారం గడువు అడిగితే
నాకు అభ్యంతరం లేదు.